మొహం దాచారు... గొంతు దాచలేదు!

పరుగు!

ఆలేరు స్టేషన్ రోడ్డు. చీకటి పడుతోంది. నాగరాణి చెప్పు ఎక్కడో తెగిపోయింది. అరికాళ్లలో కంకర గుచ్చుకుంటోంది.

అయినా ఆగడం లేదు.

వెనక బైక్ హెడ్‌లైట్!

"అక్కా... ఆగు!"

శ్రవణ్‌కుమార్. సొంత తమ్ముడు.

పదమూడేళ్ల వయసులో కోర్టులో నిలబడి, "అమ్మ మగ్గం గుంటల జారిపడ్డది సార్" అన్నవాడు.

ఆ ఒక్క మాటతో తండ్రి దశరథ నిర్దోషిగా ఇంటికొచ్చాడు. ఆ రోజే ఇల్లు విడిచింది నాగరాణి.

ఇవాళ పొద్దున ఆ కేసు మీద డాక్యుమెంటరీ అందరి ఫోన్లలోకీ వచ్చేసింది. బాపు బెల్టు దెబ్బలు. ఆఖరికి అమ్మ తలను మగ్గం గుంజకేసి మోదడం... అన్నీ చెప్పింది నాగరాణే.

మొహం మసకగా చూపించారు. గొంతు మార్చడం మరిచారు!

అమ్మమ్మను చూసి పోదామని నిన్ననే ఊరికొచ్చింది. ఇందాక తలుపు దగ్గర తమ్ముడి గొంతు వినగానే పెరటి దారిన పరుగు తీసింది.

రైలు కూత!

సికింద్రాబాద్ బండి. ఎక్కితే చాలు...

బైక్ అడ్డంగా ఆగింది. శ్రవణ్ దూకి ఆమె చేయి పట్టుకున్నాడు.

"ఇడువురా! బాపు పంపిండా నిన్ను?"

"అక్కా, జర నా మాట ఇను..."

"అమ్మను మింగింది సాల్లేదా మీకు!"

కిందికి వంగింది. చేతికి కంకర రాయి దొరికింది. కళ్లు మూసుకుని కొట్టింది!

శ్రవణ్ మోకాళ్ల మీద కూలాడు. కణత నుంచి రక్తం. చేయి మాత్రం వదల్లేదు.

"స్టేషన్‌కు పోకక్కా... బాపు ఆడనే కాసుకొని ఉన్నడు. కత్తి తెచ్చిండు. గా మాట చెప్పనీకే వచ్చిన."

నాగరాణి చేతిలోంచి రాయి జారిపోయింది.

"సినిమాల నువ్వు అన్నవు గదా... 'మా తమ్ముడి తప్పు లేదు, పసిపోరడు, భయపడ్డడు' అని. గా మాట ఇన్నంక ఇంట్ల కూసోలేకపోయిన."

"తమ్మీ..." చున్నీ తీసి వాడి తలకు అదిమింది. "లేరా, దవాఖానకు పోదాం!"

అప్పటికే జనం పోగయ్యారు. వాళ్లను తోసుకుంటూ ఒక మనిషి వచ్చాడు.

దశరథ!

"చూసిండ్రా అయ్యా?" మెత్తటి గొంతు. "నా బిడ్డకు మతి సరిగ లేదు. సొంత తమ్మున్నే కొట్టింది. జరగుండ్రి, ఇంటికి తీస్కపోత."

జనం దారి ఇచ్చారు. నాగరాణి చేతికి రక్తం...

శ్రవణ్ బైక్ పట్టుకుని లేచాడు.

"అమ్మ జారిపడలే!"

జనమంతా వాడి వైపు తిరిగారు.

"గీయనే సంపిండు! నా కండ్లతోని చూసిన. కోర్టుల అబద్ధం చెప్పిన!"

దశరథ చేయి చొక్కా కిందికి పోయింది.

కత్తి!

నాగరాణి మీదికి దూకాడు.

మధ్యలోకి శ్రవణ్ వచ్చాడు... కత్తి వాడి కడుపులో దిగింది.

జనం దశరథ మీద పడ్డారు. కత్తి లాక్కున్నారు. ఎవరో పోలీసులకు ఫోన్ చేస్తున్నారు. అవేవీ నాగరాణికి వినబడటం లేదు.

తమ్ముడి తల ఆమె ఒడిలో ఉంది.

"అక్కా... గీసారి నిజమే చెప్పిన గదా?"

"చెప్పినవు బిడ్డా... అందరూ ఇన్నరు!"

ఒక్కడు తప్ప.

ఆ జవాబు వినకముందే శ్రవణ్ కన్నుమూశాడు.