కుళాయి పోలీసు

"పిన్నీ, ఆగు! చేతులు కడుక్కున్నావా?"

రొట్టె ముక్క నోటి దాకా వెళ్లి ఆగింది. పిన్ని బిక్కమొహం వేసింది.

"దొరికిపోయాను," అంది.

అలా ఆపిన పిల్లకు నాన్న పెట్టిన పేరు కుళాయి పోలీసు. చుక్క నీరు కారినా ఊరుకోదు. రోజూ పడుకునే ముందు పళ్లు బిగించి, రెండు చేతులతో తిప్పి తిప్పి కుళాయి కట్టేస్తుంది. నీళ్లు వృథా చేయొద్దని బళ్లో టీచరు చెప్పారు మరి.

పిన్నికి కీళ్లవాతం. ముసలావిడేం కాదు, అమ్మకంటే చిన్నది. అయినా పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోతాయి. కణుపులు ఉబ్బుతాయి. దానికి వాడే మందులతో రోగాలను తట్టుకునే బలం తగ్గుతుందట. చేతులు శుభ్రంగా ఉంచుకోమని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. పోయిన నెల జ్వరమొచ్చి పిన్ని ఆసుపత్రిలో పడింది. పొడుపు కథలు వేసేవాళ్లు లేక ఇల్లు బోసిపోయింది.

"మళ్లీ జ్వరం వస్తే? మళ్లీ ఆసుపత్రికి పోతావా?" పిల్ల పిన్ని కొంగు పట్టుకుంది.

"పోనులే. ఇదిగో, వెళ్తున్నా."

ఆరోజు బడికి సెలవు. అమ్మా నాన్నా పెరట్లో తొట్టి నీళ్లతోనే తెమిలి పనులకు వెళ్లిపోయారు. పోలీసు కదా, వెనకాలే వెళ్లి తలుపు చాటున నిలబడింది.

పిన్ని కుళాయి పట్టుకుంది. తిరగలేదు. అరచేయి ఆనించి తోసింది. తువ్వాలు చుట్టి తిప్పింది. కుళాయి కదిలితే ఒట్టు. పిన్ని పెదవి కొరుక్కుని, నొప్పెట్టిన వేళ్ల మీద ఊదుకుంది. చివరికి పొడి చేతులే తువ్వాలుకు తుడిచేసింది.

"పిన్నీ! మోసం!"

"ఏం చేయనే? ఈ కుళాయికి నామీద పగ," పిన్ని నవ్వబోయింది.

"రోజూ ఇంతేనా?"

"ఎవరైనా ముందు వాడితే పర్లేదు. లేకపోతే ఇదే వరస."

"నన్ను పిలవొచ్చుగా?"

"చేతులు కడిగినప్పుడల్లా పిలవాలా? చంటిపిల్లనా నేను? సిగ్గేస్తుందే."

పిల్ల కుళాయి మీద చేయి వేసింది. తిప్పడానికి తనకే రెండు చేతులూ కావాల్సి వచ్చాయి. రాత్రి నుంచి ఎవరూ ముట్టుకోలేదు. అంత బిగించి కట్టింది ఎవరు? తనే!

"దొంగని భలే పట్టావు," అంది పిన్ని, చేతులకు సబ్బు రుద్దుకుంటూ.

"దొంగ నువ్వు కాదు పిన్నీ. పోలీసే."

సాయంత్రం నాన్న చెప్పులు విప్పకముందే ఎదురెళ్లింది.

"నాన్నా, కుళాయి మార్చాలి."

"ఏం, కారుతోందా?"

"కారట్లేదు. అదే గొడవ."

సంగతంతా విని నాన్న వెళ్లి కుళాయి తిప్పి చూశాడు. "పొడుగు పిడి ఉన్నవి దొరుకుతాయి. మోచేత్తో తోస్తే చాలు. ఆదివారం బిగిద్దాం," అన్నాడు.

ఆదివారం ఇంకా దూరం. ఆ రాత్రి పిల్ల కుళాయి కట్టడానికి వెళ్లింది. అలవాటుగా పళ్లు బిగించింది. అంతలోనే ఆగింది. రెండు వేళ్లతో మెల్లగా తిప్పి వదిలేసింది. టప్పున ఓ చుక్క పడింది. కాసేపటికి ఇంకోటి. పోలీసు ప్రాణం ఉసూరుమంది. గబగబా వెళ్లి, మొక్కలకు పోసే చెంబు తెచ్చి కింద పెట్టింది.

తెల్లారింది. దుప్పట్లో ఉండగానే నీళ్ల చప్పుడు వినిపించింది. ఎవరూ ఎవర్నీ పిలవలేదు.

"పోలీసుగారూ, వచ్చి తనిఖీ చేసుకోండి!" పిన్ని కేక.

"అక్కర్లేదు పిన్నీ," ముసుగులోంచే అంది పిల్ల. "వినపడుతోంది."