ట్యాంకు అవతలి గొంతు

ఐసు ఫ్యాక్టరీ వెనక ఉన్న మేడకి మంచి పేరు లేదు. అద్దెకి దిగినవాళ్ళు నెల తిరక్కుండానే సామాన్లు సర్దుకునేవారు. ఎందుకని అడిగితే, "నీళ్ళు సరిగా రావండీ" అనేవారు. నీళ్ళు బాగానే వచ్చేవి.

రాత్రిళ్ళు డాబా మీద తెల్లటి ఆకారం ఒకటి వంగుతుందనీ... లేస్తుందనీ... మళ్ళీ వంగుతుందనీ చూసినవాళ్ళు చెప్పారు. ఎర్రటి కన్ను ఒకటి తెరుచుకుని మూసుకుంటుందని పాలవాడు చెప్పి, ఆ సందుకి పాలు పొయ్యడం మానేశాడు. అక్కడి వీధి దీపం ఆరిపోతే కరెంటువాళ్ళు రాత్రి రామనేవారు. పగలు వచ్చేవారు. పగలు దీపం వెలగకపోవడం మామూలే కదా అని వెళ్ళిపోయేవారు.

దాంతో ఆ సందు కాటుక పూసినట్టు ఉండేది. మా బావగారి కన్ను దాని మీద పడింది అందుకే.

ఇది ఆయన చెప్పిన కథ. మధ్యమధ్యలో మా అక్క వంటింట్లోంచి సవరణలు చేసింది. వాటితో కలిపే చెప్తున్నాను.

బావగారికి కళ్ళజోళ్ళ షాపు ఉంది. పగలంతా జనం చేత చిన్నక్షరాలు చదివిస్తారు. రాత్రయితే తన కళ్ళకి పని పెడతారు. ఆకాశంలో కొన్ని నక్షత్రాలు ఒక్కలాగా ఉండవు. వెలుగు తగ్గుతుంటాయి, పెరుగుతుంటాయి. వాటిని రోజూ కనిపెట్టుకుని కూర్చోడానికి శాస్త్రవేత్తలకి తీరిక ఉండదు, వాళ్ళ పెద్ద టెలిస్కోపులకి అసలే ఉండదు. అందుకని లోకంలో అక్కడక్కడా మా బావగారిలాంటివాళ్ళు, ఎవరూ పిలవకుండానే డాబాలెక్కి, ఈ రాత్రి ఫలానా నక్షత్రం ఇంత వెలుగుంది అని చూసి పంపుతుంటారు. మా అక్క దీన్ని నక్షత్రాలకి జ్వరం చూడడం అంటుంది.

"నాకు జ్వరమొస్తే మాత్రం థర్మామీటరు ఎక్కడుందని నన్నే అడుగుతారు" అని కూడా అంటుంది.

ఒకరోజు సాయంత్రం ఆయన ఫోనుకి కబురొచ్చింది. అంతరిక్షంలో తిరిగే టెలిస్కోపుని మర్నాడు ఒక నక్షత్రం వైపు తిప్పబోతున్నారట. అది మామూలు నక్షత్రం కాదు. నెలల తరబడి పడుకునే ఉంటుంది. ఉన్నట్టుండి ఒళ్ళు విరుచుకుని భగ్గుమంటుంది. అలా లేచినప్పుడు గానీ దానివైపు చూశారో, టెలిస్కోపు లోపలి పరికరం మాడిపోతుంది. ఆకాశంలోకి వెళ్ళి రిపేరు చేసేవాడెవడూ లేడు. కాబట్టి ఈ రాత్రి ఎవరైనా చూసి చెప్పండి, వెలుగు పన్నెండు పాయింట్ మూడు దాటితే తిప్పం, అన్నారు.

ఈ లెక్క తలకిందులు. అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ. ఎందుకలాగ అని అడిగితే బావగారు గంటసేపు చెప్తారు. నేను ఒకసారి అడిగాను. మీరు అడక్కండి.

ఆ రాత్రి మిగతా ఊళ్ళన్నిట్లో మబ్బు. ఒక్క మా ఊళ్ళోనే ఆకాశం కడిగినట్టుంది. కానీ బావగారి డాబాకి ఎదురుగా కార్ల షోరూము. దాని దీపాల ముందు చందమామే వెలవెలబోతాడు.

"ఐసు ఫ్యాక్టరీ వెనక మేడకి వెళ్తాను" అన్నారు.

"అక్కడ దెయ్యం ఉందంటారు కదండీ."

"నాకు కావలసింది చీకటి."

"స్వెటర్ వేసుకోండి" అంది అక్క. అంతకుమించి చర్చ జరగలేదు.

మేడ గేటుకి తాళం లేదు. బయటివైపు మెట్లు. చేత్తో పట్టుకోడానికి కమ్మీ లేదు. టెలిస్కోపు గొట్టాన్ని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు భుజానేసుకుని, కాలితో తడుముకుంటూ ఎక్కారు. ఒక మెట్టు దగ్గర కాలు గాల్లో ఆడింది. అక్కడ మెట్టు లేదు. దాన్ని దాటుకుని పైకి చేరారు.

డాబా మధ్యలో నీళ్ళ ట్యాంకు, మనిషి ఎత్తుకి మించి ఉంది. దాని అవతల ఏముందో కనబడదు. ఆయనా చూడబోలేదు. ఫోను ఆపేశారు, దాని వెలుగు కళ్ళలో పడితే మళ్ళీ చీకటికి అలవాటు పడడానికి అరగంట కావాలి. నక్షత్రాల పటం చూసుకోడానికి మాత్రం చిన్న ఎర్ర టార్చి తెచ్చుకున్నారు.

అది వెలిగించారు... ఆర్పారు.

ట్యాంకు అవతల... ఎర్రగా ఏదో వెలిగింది. ఆరింది.

బావగారు తన టార్చి వెలుగే ఎక్కడో తగిలి తిరిగొచ్చిందనుకున్నారు. మళ్ళీ వెలిగించలేదు. అయినా అవతల మళ్ళీ వెలిగింది.

"అప్పుడు దిగి వచ్చేయొచ్చు కదా?" అన్నాను.

"మబ్బు ఎప్పుడు కమ్ముతుందో తెలీదు" అన్నారాయన.

మెడ వెనక వెంట్రుకలు లేచి నిలబడుతుంటే వాటిని అలాగే నిలబడనిచ్చి, వంగి చూడడం మొదలుపెట్టారు. ఆయనకి చూస్తూ గొణుక్కునే అలవాటు. "ఇదిగో మూడు చుక్కల త్రికోణం... త్రికోణం పక్కన... ఏమీ లేదు. పడుకునే ఉంది. హాయిగా తిప్పుకోవచ్చు..."

"ఆ త్రికోణం కాదు."

గుసగుస. ఆడగొంతు.

బావగారి కన్ను గాజుకి అతుక్కుపోయింది. తీస్తే ఎదురుగా ఏం కనబడుతుందోనని తియ్యలేదట.

"దాని కింద... ఇంకో చిన్న త్రికోణం ఉంది. అందులో చూడండి."

గొట్టాన్ని వెంట్రుకవాసి కిందికి దించారు. నిజమే. చిన్న త్రికోణం ఉంది. దాని పక్కన... ఎప్పుడూ ఏమీ కనబడనిచోట... ఒక చుక్క, కళ్ళు తెరుచుకుని, తేటగా వెలుగుతోంది.

లేచింది.

ఆ క్షణంలో భయం ఏమైపోయిందో తెలీదన్నారు బావగారు. పక్కనున్న నక్షత్రాలతో పోల్చి, గబగబా బేరీజు వేసుకున్నారు. "పన్నెండు పాయింట్ నాలుగు. ఇంకా హద్దులోనే ఉంది. తిప్పుకోవచ్చు."

"పన్నెండు పాయింట్ ఒకటి" అంది అవతలి గొంతు. "తిప్పకూడదు."

ఆయనకి తిక్క రేగింది. అయినా చచ్చిపోయినవాళ్ళతో మర్యాదగా మాట్లాడడం మంచిదని తోచింది. "క్షమించాలి. మీరు దేంతో పోలుస్తున్నారు?"

"ఎడమవైపు దానితో."

"అది ఎరుపు కలిసిన నక్షత్రం కదండీ. దాంతో పోలిస్తే మోసపోతాం."

"చాలాకాలంగా దాంతోనే పోలుస్తున్నాను. నాకెప్పుడూ మోసం జరగలేదు."

చాలాకాలం అంటే ఏ కాలం నుంచో అడగడానికి బావగారికి ధైర్యం చాల్లేదు. పదేపదే చూశారు. ఎన్నిసార్లు చూసినా ఆయనకి నాలుగే. ఆ గొంతుకి ఒకటే. తగ్గే ఉద్దేశం ఇద్దరికీ లేదు. ఇటు తప్పు చెప్తే అంత పెద్ద పరికరం మాడిపోతుంది. అటు తప్పు చెప్తే ఆ శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి ఎదురుచూసిన రాత్రి ఉత్తపుణ్యానికి పోతుంది.

"మీరు నోటితో ఊపిరి తీస్తున్నారు" అంది గొంతు. "గాజు మీద ఆవిరి పడుతుంది. నోరు ముయ్యండి... ఆఁ, అలాగే... ముక్కుతో పీల్చండి... ఇంకొంచెం పక్కకి... కదలకండి. ఏమీ కాదు."

బావగారు ఆగిపోయారు. ఈ మాటలు, ఇదే వరసలో, ఆయన ఈమధ్యనే విన్నారు. వెల్లకిలా పడుకుని విన్నారు.

"పళ్ళ డాక్టరమ్మగారా?"

అవతల గుడ్డ ఏదో సర్దుకున్న చప్పుడు.

"కింది దవడ... కుడివైపు చివరి పన్ను?"

"అవునండీ."

ట్యాంకు పక్కనుంచి తెల్లటి ఆకారం మెల్లగా బయటికొచ్చింది. మంచుకి తల మీంచి కాళ్ళదాకా దుప్పటి కప్పుకుని ఉంది డాక్టరమ్మ. చేతిలో ఎర్ర టార్చి. ఆవిడకీ అదే కబురు అందింది. ఇద్దరూ నక్షత్రాలు చూసి పంపేవాళ్ళ ఒకే గుంపులో ఉన్నారు. పేర్లు ఉండవు, అక్షరాల గుర్తులే ఉంటాయి కాబట్టి ఒకే ఊళ్ళో ఉంటూ ఒకరికొకరు తెలీదు.

"మిమ్మల్ని దెయ్యం అనుకున్నాను" అన్నారు బావగారు.

"నేనూ మిమ్మల్ని అదే అనుకున్నాను. ఈ మేడమీదికి మూడేళ్ళుగా వస్తున్నాను. ఇంకెవరూ రారు. ఇవాళ ఏదో ఈడ్చుకుంటూ మెట్లెక్కుతున్న చప్పుడు, ఎర్ర కన్ను, గొణుగుడు..."

"మరి పారిపోలేదేం?"

"పారిపోదామనే అనుకున్నానండీ. ఇంతలో మీరు తప్పు త్రికోణం చూశారు."

"అయితే ఎప్పుడూ పాయింట్ మూడు ఎక్కువ వెలుగు చెప్పేది మీరేనా?" అన్నారు బావగారు.

"ఎప్పుడూ పాయింట్ మూడు తక్కువ చెప్పేది మీరన్నమాట."

బతికున్నవాళ్ళమని తేలాక ఇద్దరికీ మొహమాటం కూడా పోయింది. ఒకరి టెలిస్కోపులో ఒకరు చూశారు. చూసి, ఎవరి మాట మీద వాళ్ళు ఇంకా గట్టిగా నిలబడ్డారు. కబురు పంపాల్సిన వేళ దాటిపోతోంది.

అప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడు...

వెలుగు లేదు. చేతిలో దీపం లేకుండా, తడబడకుండా, నింపాదిగా పైకొస్తున్నాయి అడుగులు. విరిగిన మెట్టు దగ్గర ఆగాయి... దాటాయి.

"ఏమండీ" అంది చీకటి.

మా అక్క. ఫోను కలవడం లేదని వెతుక్కుంటూ వచ్చింది.

బావగారి పరిస్థితి ఆలోచించండి. పాడుపడ్డ మేడ, నడిరాత్రి, పక్కన దుప్పటి కప్పుకున్న ఆడమనిషి. నోటికి ఏదొస్తే అది అనేశారు. "ఈవిడ దెయ్యం."

"నమస్కారం డాక్టరమ్మగారూ" అంది అక్క. "ఈయన పన్ను బాగానే ఉందండీ. తీపి మాత్రం మానలేదు."

డాక్టరమ్మ ఫ్లాస్కులోంచి అక్కకి టీ పోసింది. బావగారు కొంచెం తేరుకుని, "టార్చి లేకుండా ఎలా ఎక్కావు? మెట్టు విరిగి ఉంది కదా?" అన్నారు.

"టార్చి తెచ్చాను. ఆపమన్నారుగా."

"ఎవరు?"

"కింద పెద్దాయన. వాళ్ళిద్దరూ పైన ఉన్నారమ్మా, దీపం ఆపండి, వాళ్ళ కళ్ళు చెదురుతాయి అన్నారు. ఏ మెట్టు ఎక్కడుందో ఆయనే పక్కనుండి చెప్పారు. వాచ్‌మన్ కదా?"

డాక్టరమ్మ చేతిలో ఫ్లాస్కు మూత కిందపడి దొర్లుకుంటూ పోయింది. దాన్ని ఎవరూ తియ్యలేదు.

"ఇక్కడ వాచ్‌మన్ లేడు" అంది నెమ్మదిగా.

"మరి ఎవరో. బాగా విసిగిపోయి ఉన్నారు పాపం. గంట నుంచీ వీళ్ళ గొడవతో నిద్ర లేదమ్మా అన్నారు. నాలుగూ కాదు, ఒకటీ కాదు, పన్నెండు పాయింట్ రెండు అని చెప్పి పంపించెయ్యమన్నారు. అంటే ఏమిటండీ?"

గాలి లేదు. ఎక్కడా కుక్క కూడా మొరగలేదు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరో చెప్పిన అంకె పంపకూడదు, స్వయంగా చూసిందే పంపాలి. అది ఆ గుంపు నియమం. అందుకని బావగారు వంగి చూశారు. తర్వాత డాక్టరమ్మ చూసింది. ఈసారి తీరిగ్గా, నోరు మూసుకుని చూశారు.

"రెండే" అన్నారు బావగారు.

"రెండే" అంది డాక్టరమ్మ.

పంపారు. మర్నాడు ఆ టెలిస్కోపుని ఇంకోవైపు తిప్పారట. ఆ నక్షత్రం తెల్లారేసరికి ఇంకా మండిపోయిందట. శాస్త్రవేత్తలు ఇద్దరికీ చేతులెత్తి దణ్ణం పెట్టినంత పని చేశారు.

"కిందికి ఎలా దిగారు బావగారూ?" అని అడిగాను.

ఆయన కళ్ళజోడు తీసి, చాలా శ్రద్ధగా తుడుచుకున్నారు. "డాక్టరమ్మా నేనూ... తెల్లారాక దిగాం."

"నేను అప్పుడే దిగాను" అంది అక్క వంటింట్లోంచి. "పొద్దున్నే బోలెడు పని ఉంది కదా. మళ్ళీ ఆయనే దారి చెప్పారు."

"కనబడ్డాడా?"

"చీకట్లో ఏం కనబడతారు? విరిగిన మెట్టు దగ్గర మాత్రం, కాస్త చెయ్యి ఇవ్వండి బాబాయిగారూ అన్నాను. ఇవ్వలేదు."

"ఏం?"

అక్క చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"చల్లగా ఉంటుందమ్మా, జడుసుకుంటారు... అన్నారు."