రెండిళ్ల కూలర్ పంపులు

"ఏమండీ, పెంచుతున్నారా, చంపుతున్నారా?"

కిటికీ అవతలి నుంచి వచ్చిన ఆ మాటకు భూపతి చేతిలోని పైపు జారి చొక్కా తడిసి ముద్దయింది. చూస్తే హైమ! పై వాటాలో అద్దెకుంటున్న సుభద్ర చెల్లెలు. సెలవులకని విశాఖపట్నం నుంచి పంజగుట్ట వచ్చిన పిల్ల.

భూపతికి స్నేహితుడొకడు రామేశ్వరం నుంచి సముద్రపు నీళ్లతో సహా ఒక పగడపు జీవిని తెచ్చిచ్చాడు. అద్దాల తొట్టెలో మొదటిరోజు వేళ్లు విప్పి ఊగిన జీవి కాస్తా పిడికిలిలా ముడుచుకుపోయింది. నీళ్లు కదలాలని ఎవరో చెబితే, మండే మే నెలలో ఇంటి కూలర్ పంపు పీకి తొట్టెలో పెట్టాడు మహానుభావుడు.

"కూలర్‌ల సుక్క నీళ్లు లేవు, గీడ గాజుపెట్టెల అలలు లేస్తున్నయి!" అని తండ్రి రాజనర్సయ్య పేపరుతో విసురుకుంటూ తిడుతూనే ఉన్నాడు.

"నీళ్లు కదలాల్నన్నరు. గందుకే మస్తు ఫోర్సుతోని కొడుతున్న" అన్నాడు భూపతి.

"మీ మొహం మీద ఆగకుండా బకెట్లతో కొడితే కళ్లు తెరుస్తారా ఏంటి? మా నాన్నగారి మత్స్యశాఖ ఆఫీసులో ఇలాంటి తొట్టెలున్నాయి. పంపు మూతి అద్దం వైపు తిప్పండి, తగిలి మెత్తబడి వస్తుంది. ఇంకోటి ఆ మూల పెట్టండి. కాసేపు ఇది, కాసేపు అది. సముద్రం అటూ ఇటూ ఊపుతుంది కానీ ఒకే వైపు నుంచి కొట్టదండీ."

"అమీర్‌పేట అంత తిరిగిన. ఒక్క దుకాణంల సుత పంపు లేదు. ఎండకాలం గదా!"

హైమ పైకి పరుగెత్తి, అక్కావాళ్ల కూలర్ పంపు పట్టుకుని దిగింది. ఇక పై వాటాలోనూ పేపర్లతో విసురుకోవడాలు మొదలయ్యాయి.

అప్పటి నుంచి మధ్యాహ్నాలు ఇద్దరూ స్విచ్చులు మార్చడమే పని. భూపతికి మనసులో మాట చెప్పాలని ఉంది. తీరా నోరు తెరిస్తే, అద్దంలో కనిపించే హైమ నీడతో "మస్తు అందంగ ఉన్నది... గీ రాయి" అనేవాడు.

ఆదివారం పొద్దున పగడం వేళ్లన్నీ విప్పింది.

"చూసిన్రా! విప్పింది!" అని గంతేశాడు భూపతి.

హైమ నవ్వలేదు. "ఇక నాతో పనిలేదుగా. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి విశాఖ వెళ్లిపోతున్నాను."

భూపతి గంతులు ఆపేశాడు. తొట్టెలోకి చూస్తూ గొణిగాడు. "మీరు పోతే... గిది మల్ల ముడుసుకుంటదేమో."

"నేరుగా కొట్టొద్దన్నది దానికండీ, నాకు కాదు! చెప్పేదేదో ఇటు తిరిగి చెప్పండి."

భూపతి తిరిగాడు. కళ్లు మూసుకుని గుక్కతిప్పుకోకుండా అనేశాడు. "హైమా, నువ్వంటే నాకు పాణం. పెండ్లి చేసుకుందం. పోకు!"

"అబ్బో, ఇంత ఫోర్సా!" అంది హైమ, ఎర్రబడ్డ మొహాన్ని అద్దం వైపు తిప్పుకుని.

వెనక ఎవరో దగ్గారు. చెమటలు కారుతూ రాజనర్సయ్య, ఆయన పక్కన సుభద్ర. ఇద్దరూ పంపుల కోసమే వచ్చారు.

"తీస్కపోతవామ్మా నీ పంపు?" అన్నాడు రాజనర్సయ్య.

"ఎలా తీసుకెళ్లమంటారు బాబాయిగారూ, ఇప్పుడే కదా విప్పుకుంది!" అంది సుభద్ర, చెల్లెలి వైపే చూస్తూ.

రాజనర్సయ్య పేపరు మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"అయితే మీ నాయనకు ట్రంకాల్ చెయ్యి. పెండ్లి ముచ్చట మాట్లాడాలె, జల్ది రమ్మను. వచ్చేటప్పుడు జర రెండు విసనకర్రలు సుత తెమ్మను."