హాతీరాం ఇచ్చే సెలవు

పొయ్యి మీద టీ మరుగుతుండగా ద్వాలి వచ్చి వాకిట్లో నిలబడింది. రోజూ నవ్వుకుంటూ వచ్చే మనిషి, ఇవాళ గడప దాటి లోపలికి రాలేదు.

"పెద్దమ్మా, రోడ్డు మీది ఫ్లెక్సీల నా మొఖం కోసేసిండ్రు."

చాంది చేతిలో గ్లాసు కింద పెట్టేసింది. ఫోనులో షామియానా మనిషితో మాట్లాడుతున్న కొడుకు శ్రీధర్ బయటికొచ్చాడు. పాల్వంచలో ఉద్యోగం. మంచివాడే, కానీ ఆర్భాటమంటే ప్రాణం. ఏళ్ల తరబడి సర్పంచిగా చేసిన తండ్రి హాతీరాం వర్ధంతికి ఈసారి టేకులపల్లిలో సభ పెట్టించాడు. అడవి పల్లెలకు జ్వరం మాత్రలు మోసే ద్వాలికి పోలీసు అధికారి చేత శాలువా! ఫ్లెక్సీలో ఇద్దరి ఫొటోలూ పక్కపక్కనే వేయించాడు.

"ఎవరో పోకిరోళ్లయి ఉంటరు," అన్నాడు.

"పోకిరోళ్లయితే పెద్దబాపు ఫొటో ఇడిచిపెడ్తరా? దానికి గీత గూడ పడలే. అడవిల అన్నలు నన్ను పోలీసు ఇన్‌ఫార్మర్ అనుకున్నరు. లోపలి ఊళ్లకు ఇంక ఎట్ల పోవాలె? అక్కడ భీమక్క మనవడు జ్వరంతోటి కాలిపోతున్నడట. మాత్రలు సంచిలనే ఉన్నయ్."

చాంది కొడుకు మీద విరుచుకుపడింది. "నీ బుద్ధి గడ్డి తిన్నదారా? మీ బాపు ఎన్నడన్న సభలు పెట్టిండా? సేవ చేసేటోళ్ల ఇంటికి పోయి, ఇయ్యాల నీ పని నాది, నువ్వు పండుకో అనేటోడు. మన ఊరి బిచ్యాకు పక్షవాతం వస్తే, సేవ చేసే అతని కోడలికి సెలవిచ్చి తనే గంజి తాపిండు, గుడ్డలు ఉతికిండు. గదిరా సన్మానం!"

"బాపు పేరు నిలబెడదామనే గద యాడీ..." తల్లికి నచ్చజెప్పబోయాడు.

"ఈ పిల్ల పాణం తీసి నిలబెడ్తవా?"

శ్రీధర్ ముఖం పాలిపోయింది. బయట కుక్కలు ఆగకుండా అరుస్తున్నాయి. సభ రద్దని ఫోనులో చెప్పేసి, ద్వాలి భుజం మీది సంచి అందుకున్నాడు.

"నేను పోత. తప్పు నాదని చెప్త."

అంతసేపూ తిట్టిన తల్లే అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. "వద్దురా! కొత్త మొఖం. నిన్నే పోలీసనుకుంటరు."

"మరి ఆ పిల్లగాడు?"

చాంది కొంగుతో కళ్లు తుడుచుకుని, ద్వాలిని రెక్క పట్టి మంచం మీద కూర్చోబెట్టింది. "ఇయ్యాల నీ పని మాది బిడ్డా. గొళ్లెం పెట్టుకొని పండుకో."

తల్లీకొడుకులు సంచితో బయల్దేరారు. అడవి దారి మొదట్లోనే శ్రీధర్ ఆగిపోయాడు. లోపలెక్కడో పుల్ల విరిగిన చప్పుడు. చాంది కొడుకును వెనక్కి నెట్టి ముందుకొచ్చింది. పెళ్లయిన నాటి నుంచి మొగుడి పేరు పైకి పలకని మనిషి ఆమె. చెట్ల వైపు తిరిగి గొంతెత్తింది.

"నేను హాతీరాం పెండ్లాన్ని! వీడు హాతీరాం కొడుకు! భీమక్క మనవనికి మాత్రలు తెస్తున్నం!"

చెట్లలోంచి ఎవరూ పలకలేదు. శ్రీధర్ ఏడుస్తూ తల్లి వెనకే నడిచాడు. ఆమె అడుగడుక్కీ ఆ పేరే అరుస్తోంది.