ఆసరా కణాలు

నందిత నాతో మాట్లాడిన మొదటి మాట, "మూడు నెలల నా పనిని చెత్తబుట్టలో వేశారు మీరు."

అప్పుడు మా ఆఫీసు ఊరి నడిబొడ్డున తంజోంగ్ పగార్‌లో. 2005లో ప్రాజెక్టులకు కొదవ లేదు, మనుషులకే కొరత. ఏదో రీసెర్చ్ ల్యాబ్‌కి మెదడు ఫొటోల్లో కణాలు లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ కావాలంటే, బయాలజీని పదో తరగతిలోనే వదిలేసిన నన్ను పంపారు. గుండ్రంగా ఉన్నవే మెదడు కణాలనుకుని, చుట్టూ కాళ్ళు చాపుకున్న నక్షత్రాల్లాంటి వాటిని మరకలని తీసేశాను. స్క్రీన్ ఎంత శుభ్రంగా ఉందోనని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

"అవి మరకలు కావు. నేను పరిశోధన చేస్తున్నదే వాటి మీద," అంది.

ఆ కోపంలోనే అరగంట పాఠం చెప్పింది. ఆలోచించే కణాలకు తిండి అందించేది, చుట్టూ శుభ్రం చేసేది ఈ ఆసరా కణాలేనట. మతిమరుపు జబ్బు మొదలైతే ముందు అడ్డుపడేవీ ఇవేనట. ఏళ్ళ తరబడి పోరాడి అలసిపోయాక, కాపాడాల్సిన వాటినే దెబ్బతీస్తాయట. వాటిని శాంతింపజేసే మందేదో ఎలుకలకు ఇచ్చి చూస్తున్నారు. చివర్లో గొంతు తగ్గించి, వాళ్ళమ్మకి ఇదే జబ్బని, ఇంకా యాభై ఆరేళ్ళేనని చెప్పింది. ఆ రాత్రే సాఫ్ట్‌వేర్‌ని మళ్ళీ ముందేసుకుని కూర్చున్నాను.

సాఫ్ట్‌వేర్ సరిచేశాక, దాన్ని నమ్మాలంటే ఇద్దరు మనుషులు కళ్ళతో కూడా లెక్కపెట్టాలన్నారు. ఒకరు నందిత, ఇంకొకరు నేను. ఏది మందు తిన్న ఎలుకదో మాకు తెలియదు, ఫొటోల మీద నంబర్లే ఉంటాయి. ఏ నంబరు ఏ ఎలుకదో రాసిన జాబితా ల్యాబ్ బాస్ బీరువాలో ఉంది. అది బయటికి వచ్చేదాకా లెక్కల గురించి మేమిద్దరం మాట్లాడుకోకూడదు. ఒకరి మాట ఇంకొకరి లెక్కని మార్చేస్తుందని రూలు.

నందిత ఆ రూలుని ఇంకాస్త సాగదీసింది. తన గొంతు వింటేనే నాకు అంతా తెలిసిపోతుందని అసలు మాటలే బంద్ చేసింది.

ఏడు వారాలు వీపులు ఆనించినంత దగ్గరగా కూర్చున్నాం. అద్దాల బయట వాన పడుతుంటే తను తల తిప్పి చూసేది, నేను తనని చూసేవాణ్ణి. మధ్యాహ్నం తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో టిష్యూ ప్యాకెట్ పెట్టి నాకో సీటు చోప్ చేసి, అంటే పట్టిపెట్టి, తను మాత్రం రెండు టేబుళ్ళ అవతల తినేది. టాంపినీస్‌లో మా ఇంటికి వెళ్ళే ట్రైన్లో ఆ టిష్యూ ప్యాకెట్లు నా జేబులో ఉండేవి. పలకరించలేని మనిషిని అంతగా తలుచుకోవడం నాకదే మొదలు.

ఓ శుక్రవారం జాబితా తెరిచారు. మా ఇద్దరి లెక్కలూ సరిపోయాయి, బాస్ సంబరపడ్డాడు. మందు మాత్రం పనిచేయలేదు. తిన్న ఎలుకలకీ తినని వాటికీ తేడా లేదు.

నందిత బస్‌స్టాప్‌లో వానలోకి చూస్తూ నిలబడింది. వెళ్ళి పక్కన నించున్నాను.

"ఇది పనిచేస్తే నా గురించి ఆలోచించుకుందామనుకున్నా," అంది. "ఇప్పుడిక అమ్మని చూసుకోవడమే నా పని. ఆసరాగా ఉండేవాళ్ళు చివరికి ఏమైపోతారో రోజూ చూస్తూనే ఉన్నాగా."

"ఒక్కదానివే చేస్తే అలాగే అవుతుంది. ఇద్దరం చేద్దాం. నువ్వంటే నాకు ప్రాణం, నందితా. ఏడు వారాలూ ఆ కణాల కంటే నిన్నే ఎక్కువ చూశాను."

"మరి లెక్కలు ఎలా సరిపోయాయి?"

"నీ పని రెండోసారి పాడుచేస్తానా?"

నవ్వింది. ఆ వెంటనే కళ్ళు తుడుచుకుంది. "అమ్మ నిన్ను ఎవరని అడుగుతుంది. చెప్తే మర్చిపోయి మళ్ళీ అడుగుతుంది. నీకు విసుగొస్తుంది."

"ఇన్నాళ్ళూ నోరు కట్టేసుకుని కూర్చున్నాను. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెప్తాను."

నందిత ఔననలేదు, కాదనలేదు. రేపు వుడ్‌ల్యాండ్స్‌లో వాళ్ళింటికి భోజనానికి రమ్మంది.

వాళ్ళమ్మ అరుంధతి ఆంటీ సోఫాలో నా పక్కనే కూర్చుని, ఎవరు బాబూ నువ్వు అని అడిగింది. పేరు పృథ్వీ అని, నందితని పెళ్ళి చేసుకోవాలని ఉందని, తనింకా ఔననలేదని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆంటీ నా చెయ్యి పట్టుకుని, "దిగులుపడకు. దానికి నేను చెప్తాగా," అంది.

పది నిమిషాలకి మళ్ళీ అడిగింది. మళ్ళీ అంతా చెప్పాను. మళ్ళీ అంతే ప్రేమగా ధైర్యం చెప్పింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మూడోసారీ చెప్పాను, నాకు విసుగే రాలేదు.

నాలుగోసారి ఆంటీ నావైపు తిరిగేసరికి నందిత వచ్చి, తడి చేతులతోనే మా ఇద్దరి మధ్యా కూర్చుంది.

"ఎవరే ఈ అబ్బాయి?"

"పృథ్వీ అని, అమ్మా," అంది. "నన్ను పెళ్ళి చేసుకుంటానన్నాడు. నేను ఔనన్నాను."