పదింటి ఆరాధన

ఆదివారం పొద్దున్నే పెరటి కుళాయి దగ్గర మొగుడు మూడోసారి సబ్బు రుద్దుకుంటుంటే ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. మురుగు కాలవలు, సెప్టిక్ ట్యాంకులు బాగుచేసే మనిషితో పదిహేడేళ్ల కాపురం. ఎంత తోముకున్నా ఆ కంపు గోళ్లలోంచి పోయి చావదు. ఆమె కుట్టేవేమో తెల్లబట్టలు. చర్చిలో పాటలు పాడేవాళ్ల అంగీలన్నీ ఆమె చేతివే. "బట్టలు అదో రకం వాసనొస్తున్నాయమ్మా" అని సంఘ పెద్ద భార్య ఒకసారి మూతి ముడిచింది. అప్పటినుంచీ ఆమె మొగుడి చొక్కాలను కర్రతో ఎత్తి బకెట్లో వేస్తోంది. ఏం రోత బతుకు ఇది!

"ఇవాళ ఆరాధన ఎన్నింటికే?" అనడిగాడతను.

"పదింటికి. తొందరేం లేదు, తీరిగ్గా రండి."

పచ్చి అబద్ధం. ఆరాధన ఎనిమిదింటికి. క్రిస్మస్‌కు ముందొచ్చే ఆగమన కాలంలో ఆఖరి ఆదివారం. వారానికొకటిగా వెలిగించే కొవ్వొత్తుల్లో నాలుగోది వెలిగించాక, రాబోయే రక్షకుడు మెస్సీయ గురించి ప్రవక్త చెప్పిన మాటలు వాళ్ల పిల్ల చదవాలి. అతనికి అక్షరం ముక్క రాదు. నెలరోజులుగా రోజూ కూతురి చేత చదివించుకుని విన్నాడు.

దారిలో పిల్ల అడిగింది. "నాన్న రారా అమ్మా?"

"వచ్చి ఏం చెయ్యాలి? నువ్వు చదువుతుంటే నలుగురూ ముక్కులు మూసుకోవాలా?"



చర్చి గేటు దగ్గరే గుప్పున కంపు కొట్టింది. వెనక మరుగుదొడ్ల కాలవ పూడుకుపోయి, నల్లటి నీళ్లు గుమ్మం దాకా పారుతున్నాయి. కొత్తబట్టల జనమంతా రుమాళ్లు అడ్డం పెట్టుకుని గోడవారన నిలబడ్డారు.

"ఫోన్ చేశాం, వస్తున్నాడు" అంటున్నాడు సంఘ పెద్ద.

అనుకున్నంతా అయింది. సైకిల్ మీద కాలవ పొడిచే వెదురు బద్దలు కట్టుకుని మొగుడు దిగాడు. "రక్షకుడొచ్చాడయ్యా" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. అతను పెళ్లాన్ని చూశాడు, పిల్లను చూశాడు. ఆశ్చర్యపోలేదు. ఇస్త్రీ చొక్కా విప్పి, మడిచి, కూతురి చేతికిచ్చి మోకాలి లోతు మురుగులోకి దిగాడు.

అరగంటలో నీళ్లు లాగేశాయి. అతను గుమ్మం కడిగాక జనం లోపలికెళ్లారు. లోపలికి రమ్మని అతన్ని ఒక్కరూ పిలవలేదు.

పిల్ల నాన్న చొక్కా చంకలో పెట్టుకునే చదివింది. రాబోయేవాడిలో చూడముచ్చటైన అందమేమీ ఉండదట. జనం అతన్ని చూడలేక మొహాలు తిప్పుకుంటారట. అయినా వాళ్ల భారమంతా అతనే మోస్తాడట. ఆమె వంటింట్లోంచి నెలరోజులుగా వింటున్న మాటలే. ఇవాళ మాత్రం ఒక్కొక్కటీ చెంపదెబ్బలా తగిలింది. ఇన్నేళ్లూ మొహం తిప్పుకున్నది ఎవరు? మురుగు కంపు మీద కాదు, తన మీద తనకే అసహ్యం పుట్టింది. లేచి బయటికొచ్చి, చర్చి వెనక వైపుకు నడిచింది.

అతను ఒళ్లు కడుక్కుని, కిటికీ కింద మెట్టు మీద కూర్చున్నాడు. లోపలి నుంచి వినబడే ప్రతి మాటకీ పెదవులు కదుపుతున్నాడు.

"అబద్ధం చెప్పానండీ" అంది ఆమె.

"తెలుసులే. పోయినేడు కూడా పదింటికే అన్నావు. అప్పుడూ ఎనిమిదింటికే వచ్చి ఇక్కడే కూర్చున్నా."

"తెలిసి మళ్లీ ఎందుకడిగారు?"

"ఈసారైనా ఎనిమిదని చెప్తావేమోనని."

ఆమె బావురుమంది. పక్కనే కూలబడి అతని చెయ్యి పట్టుకుంది. కంపు కొట్టింది. వదల్లేదు. అలాగే చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది. సంఘ పెద్ద భార్య ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుంది. ఈమె ఆగకుండా తన మొగుణ్ణి ముందు బెంచీలో కూర్చోబెట్టి, పక్కన తను కూర్చుంది. పిల్ల చదవడం ఆపి వాళ్లిద్దరినీ చూసింది. కళ్లు తుడుచుకుని, మొదటి మాట నుంచి మళ్లీ చదివింది.