దోమల గదిలో కరకర

ఆ ల్యాబ్‌లో కింది అంతస్తు చివరి గదికి చెడ్డ పేరుంది. చీకటి పడ్డాక అటు ఎవరూ వెళ్ళరు. ప్రాణాంతకమైన వైరస్‌ల్ని పక్క గదిలో పెట్టుకుని హాయిగా కునుకు తీసే మహానుభావులు కూడా, ఆ తలుపు దగ్గరికొచ్చేసరికి ఏదో పని గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగిపోతారు.

అది దోమల గది. ఊళ్ళో నీటి తొట్టెల్లోంచి, గుంటల్లోంచి దోమపిల్లల్ని పట్టుకొచ్చి అక్కడ పెంచుతారు. పెంచే మనిషి మా వదిన. మా అన్నయ్య ఎవరితోనూ ఆ మాట చెప్పుకోలేక "సైంటిస్టు" అని దాటేస్తాడు. ఇదంతా వదిన నాకు చెప్పిందే. ఉప్పూకారం కాస్త నావి.

పూర్వం ఆ గదిలో దోమల తాత అని ఒకాయన పనిచేశాడు. ఆడదోమలకి రక్తం కావాలిగా... ఈయన రోజూ పంజరంలో చెయ్యి పెట్టి కూర్చునేవాడట, ముప్ఫై ఏళ్ళు! ఉద్యోగం నుంచి దిగిపోయాక ఇంట్లో, నిద్రలోనే, సుఖంగా పోయాడు. అయినా సరే, దెయ్యమై ఈ గదికే వచ్చాడని ల్యాబంతా నమ్మింది. దోమలకి పెట్టిన రక్తమంతా తిరిగి రాబట్టుకోవడానికి వచ్చాడట.

"నేను విన్నానమ్మా," అన్నాడు వాచ్‌మన్, గొంతు తగ్గించి. "రాత్రి పదకొండు దాటాక... లోపల ఎముకలు కొరుకుతున్నట్టు... కర కర కర..."

"దోమలకి ఎముకలెక్కడివయ్యా?" అంది వదిన.

అంది గానీ, నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ గదిలో నిజంగానే దోమలు చచ్చిపోతున్నాయి.

వదిన చేసే పరీక్ష చిన్నదే. ఊళ్ళో కొట్టే దోమలమందు పూసిన గొట్టాల్లో కొన్ని దోమల్ని, ఏ మందూ లేని గొట్టాల్లో కొన్నింటిని ఉంచుతారు. మర్నాడు ఎన్ని చచ్చాయో లెక్కపెడతారు. మందులేని దోమలు బతికి ఉండాలి. అవీ చస్తే పరీక్ష చెల్లదు. మందు చంపిందో, పెంచినవాళ్ళు చంపారో ఎవరు చెప్పగలరు?

మూడుసార్లు చేసింది. మూడుసార్లూ మందులేని గొట్టాల్లో సగం దోమలు కాళ్ళు పైకెత్తేశాయి.

ఊళ్ళో చూస్తే ఇంటికొకరు జ్వరంతో పడుకున్నారు. మందు పనిచేస్తోందా లేదా చెప్పండి మహాప్రభో అని మునిసిపాలిటీ నుంచి రోజూ ఫోను. పెద్దాయన, అంటే ల్యాబ్ డైరెక్టరు, నీటి పరీక్షల్లో తలపండినవాడు, వదినని అందరి ముందూ నిలబెట్టి అన్నాడు: "లోపం నీ చేతిలోనే ఉందమ్మా. నాలుగోసారి కూడా ఇంతే అయితే, నీ కాంట్రాక్టు పొడిగించలేను."

ఆ మాట వదినకి గుచ్చుకుంది. చేతిలో లోపమా! సబ్బు మార్చింది. తలకి నూనె మానేసింది. తన ఒంటికి అంటుకుని వస్తుందేమోనని అన్నయ్య చేత సెంటు మాన్పించింది. నీళ్ళు మార్చింది, దూది మార్చింది. దోమలు మాత్రం చస్తూనే ఉన్నాయి.

ఇక లాభం లేదని ఆ రాత్రి గదిలోనే కాపు కాసింది.

ఆ గదికి రెండు తలుపులు. మధ్యలో దోమలు తప్పించుకోకుండా తెల్లటి వల తెర. వదిన లైట్లార్పి ఆ తెర వెనక స్టూలేసుకుని కూర్చుంది. దోమలకి ఎర్ర వెలుతురు కనబడదు కాబట్టి, రాత్రిపూట లోపలికెళ్ళేవాళ్ళు తలకి ఎర్రదీపం కట్టుకోవాలని అక్కడ నియమం. వదిన కట్టుకుంది... కానీ వెలిగించలేదు.

పది దాటింది. వేల దోమలు ఒకే శ్రుతిలో సన్నగా రొద పెడుతున్నాయి...

పదకొండయింది. ఇంత తెలివైనదాన్ని, ఇంట్లో వెచ్చగా పడుకోక నాకిదేం ఖర్మ అనుకుంది...

కిర్రుమంటూ బయటి తలుపు తెరుచుకుంది.

 అడుగుల చప్పుడు లేదు. తెల్లటి ఆకారం ఒకటి తెర పక్కనుంచే జారుకుంటూ పోయింది — నుదుటి మీద ఎర్రటి కన్ను! తిన్నగా అలమర దగ్గరికి వెళ్ళింది. వంగింది. టింగుమని ఏదో మోగింది.

ఆ తర్వాత...

కర కర కర...

వదిన గుండె నోట్లోకొచ్చింది. పారిపోదామని లేచింది. లేవడంలో స్టూలు తన్నేసింది, వలలో చుట్టుకుపోయింది, తడుముకుంటుంటే తలమీద దీపం కాస్తా వెలిగి కూర్చుంది.

ఆకారం గిర్రున తిరిగింది. దానికి కనబడిందేమిటి? నిలువెల్లా తెల్లముసుగు, నడినెత్తిన ఎర్రటి కన్ను, రెండు చేతులూ గాల్లో కొట్టుకుంటూ మీదికొస్తున్న మనిషి!

"తాతా!" అని కెవ్వున అరిచింది ఆ ఆకారం. "నన్నేం చెయ్యకు తాతా! రెండు చెంచాలే! నీ మీదొట్టు, రెండు చెంచాలే తిన్నాను!"

ఆ గొంతు వదినకి బాగా తెలుసు. ల్యాబ్‌లో దెయ్యాలు లేవని నోటీసు అంటించింది ఆ గొంతు తాలూకు మనిషే.

"సార్...?"

పెద్దాయన! తెల్లకోటు, తలకి ఎర్రదీపం, చెప్పుల్లేకుండా ఒట్టి మేజోళ్ళతో ఉన్నాడు. చేతిలో చెంచా. మూతి నిండా పంచదార.

"ఎవరికీ చెప్పకమ్మా," అని నేలమీదే చతికిలపడ్డాడు. "నాకు షుగరు. ఇంట్లో పంచదార కంటికి కూడా కనబడనివ్వరు. ఇక్కడ దోమల తిండికేమో డబ్బాడు పంచదార... రాత్రి పని పేరు చెప్పి వస్తున్నాను. కానీ అన్యాయం చెయ్యలేదమ్మా. తిన్నదానికి తిన్నంత మళ్ళీ పోస్తూనే ఉన్నాను."

"ఏం పోస్తున్నారు సార్?"

జేబులోంచి పొట్లం తీశాడు. చూపుకి అచ్చం పంచదారే. షుగరువాళ్ళు కాఫీలో వేసుకునే ఉత్తుత్తి తీపి.

"తీపే కదమ్మా వాటికి కావాల్సింది?"

వదినకి భయం ఎగిరిపోయింది. కోపం కూడా ఎక్కువసేపు నిలవలేదు. అక్కడే, వలలో చుట్టుకుని, కళ్ళవెంట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "వాటికి పంచదార రుచి కాదు, తిండి సార్! మీరు వాటికి పథ్యం పెట్టారు! నా దోమలు ఆకలితో చచ్చాయి!"

నీటి మనిషి, దోమల సంగతి ఆయనకేం తెలుసు? నవ్వలేక, ఏడవలేక, దండం పెట్టాడు. పరువుపోతుందని బతిమాలాడు. చెప్పనని వదిన మాటిచ్చింది. ఇచ్చాక ఇంటికొచ్చి బాధపడింది. లోపం నీ చేతిలోనే అని అందరూ విన్నారు, కాదని మాత్రం ఎవరికీ తెలియదు.

కొత్త పంచదార వచ్చింది. కొత్త దోమలు పెరిగాయి. నాలుగో పరీక్ష లెక్కపెట్టేరోజు గదినిండా జనం. వాచ్‌మన్ కూడా పగలు కదాని ధైర్యంగా వచ్చి నిలబడ్డాడు.

మందులేని గొట్టాలు. వంద దోమల్లో చచ్చింది ఒక్కటి! అందరూ చప్పట్లు కొట్టారు. వదిన స్టూలెక్కి గంతేసినంత పనిచేసింది.

మందు పూసిన గొట్టాలు తీసింది. చప్పట్లు ఆగిపోయాయి.

ఆ వందలో ఎనభై ఒకటి హాయిగా ఎగురుతున్నాయి. ఊరంతా పొగలాగా కొడుతున్న మందు... దోమల్ని ఏమీ చెయ్యడం లేదు. 

పెద్దాయన అక్కడికక్కడే మునిసిపాలిటీ ఆరోగ్యాధికారికి ఫోన్ చేసి, అందరికీ వినబడేలా పెట్టాడు. మందు మార్చాలి, ఇవాళే.

"మూడుసార్లు తప్పింది కదండీ ఆవిడ పరీక్ష," అన్నాడు అవతలాయన. "ఇప్పుడు మాత్రం ఎలా నమ్మమంటారు?"

 వదిన తల వంచుకుంది. మాటిచ్చిందిగా.

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"తప్పింది ఆ అమ్మాయి కాదండీ," అన్నాడు. "దోమల పంచదార... నేను తినేశాను."

ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, గది గదంతా పగలబడి నవ్వింది. వాచ్‌మన్ గోడకి జారబడి కడుపు పట్టుకున్నాడు. పెద్దాయన చెవులు ఎర్రబడ్డాయి గానీ, ఫోన్ మాత్రం పెట్టెయ్యలేదు.

నవ్వులు తగ్గాక అవతలాయన అన్నాడు: "సాయంత్రానికల్లా మందు ఆపిస్తాను. ఆవిడకొకసారి ఫోనివ్వండి, ఏ మందు కొట్టాలో ఆవిడనే అడుగుతాను."

వదిన ఫోన్ అందుకుంది, లోపముందని అందరూ విన్న ఆ చేత్తోనే. ఆ రాత్రి ఎర్రకన్నుని చూసినప్పుడు కూడా తనకి అంత భయం వెయ్యలేదంటుంది.